ఒక్క వాల్వు మారిస్తే!

పిల్లలూ! ఒకే పాటను ఇద్దరు పాడితే గొంతులు వేరుగా ఉంటాయి గదా? గిటారు యాంప్లిఫయరుకూ అలాగే ఒక గొంతు ఉన్నది. దానిని మార్చవచ్చు కూడాను!

1962లో లండనులో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, తన పనివారితో కలిసి, అమెరికాలోని ఫెండర్ వారి యాంప్లిఫయరును చూచి అటువంటిదే తయారుచేయించాడు. కొన్ని భాగాలు మాత్రం మారాయి. ఫెండర్‌లో మొదటి వాల్వు పెంపు గుణకం సుమారు 44. మార్షల్ దానిలో 100. దీనివల్ల ఏం జరిగింది?

కాగితంపై ఒక అల గీసి, దాని పైకొన కత్తిరించండి. గిటారు సంకేతం మరీ పెద్దదైతే తరువాతి వాల్వులు మోయలేక దాని కొనలను అలాగే కోసేస్తాయి. అప్పుడు గరగర పుడుతుంది. దోషమనుకున్న ఆ గరగరే రాక్ సంగీతానికి అందమైంది!

నేడు చేతితో యాంప్లిఫయర్లు చేసేవారు గరగర తగ్గాలంటే 100 తీసి, అదే గుంటలో 44 పెట్టి, చెవితో విని గొంతు దిద్దుతారు.

ఒక్క హెచ్చరిక: ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు. మీరు వినండి, పెట్టె మాత్రం విప్పకండి!