లెక్క అడిగే ఉద్యోగం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! షేర్ మార్కెట్ అంటే మన ఇళ్లలో జూదమంటారు. నేను చేసే రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగం అది కాదు. కంపెనీల వార్షిక నివేదికలు చదవాలి, అంకెలు ఎక్సెల్‌లో ఎక్కించాలి, లాభం చూపిన చోట నగదు నిజంగా వచ్చిందా అని సరిచూడాలి.

2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో, సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని బయటపడింది. ఆ పుస్తకాలు పెద్ద చదువులవాళ్లు ఎందరో చూసినవే. "ఆ డబ్బు ఏదీ?" అని గట్టిగా అడిగినవాళ్లు కరువయ్యారు.

ఇది మనకు పట్టని సంగతి అనుకోవద్దు. కార్మికుల పీఎఫ్ సొమ్ములో కొంత 2015 నుంచి షేర్లలోకీ వెళ్తోంది. అక్కడ లెక్క తప్పితే నష్టపోయేది మన అమ్మానాన్నల వంటివాళ్లే.

మనకు చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్లను ప్రశ్నించొద్దనే నేర్పారు. ఈ ఉద్యోగం ప్రశ్నించమంటుంది, అందుకు జీతమిస్తుంది. రూపాయి విలువ తెలిసిన హాస్టల్ పిల్లలకు ఇది తగిన పని అని నా అభిప్రాయం. ఇంగ్లీషు భయం రోజూ చదివితే తగ్గుతుంది. బీకాం, ఎంకాం, ఎకనామిక్స్ చదివేవాళ్లు ఎన్‌ఐఎస్‌ఎం రీసెర్చ్ అనలిస్ట్ పరీక్షకు ఇప్పటినుంచే సిద్ధం కండి. సందేహాలుంటే ఈ అన్నను అడగండి.