అంచు బురద కాదు మామూ



పోయిన వానాకాలం ఖాలా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ మీద పులుసు గిన్నె పెట్టారు, దాన్నిండా చిటికెన వేలంత కూడా లేని కొర్రమీను పిల్లలు. నేనూ తిన్నాను, రెండోసారి వడ్డించుకుని మరీ. కైకలూరు దగ్గర చెరువులు కౌలుకు చేస్తున్న మా మామూ అన్నారు కదా, "కొల్లేటి అంచుల్లో ఇవి తట్టలకొద్దీ ఉంటాయి బేటా. ఆ బురద ఇంకెందుకు పనికొస్తుంది? గట్టేసి చెరువు తవ్వుకుంటే నాలుగు రూపాయలొస్తాయి." పెద్దల ముందు జుబాన్ తెరవలేదు. జవాబు ఇప్పుడు రాస్తున్నాను, మాఫ్ చేయండి మామూ.

ఆ బురదే చేపపిల్లల ఊయల. నడి సరస్సులో నీళ్లుంటాయి గానీ పసిపిల్లకు పనాహ్ ఉండదు. అంచున నీళ్లు మోకాలి లోతే. ఎండకు త్వరగా వేడెక్కుతాయి, కంటికి ఆనని నీటిపురుగులు పుడతాయి, పిల్లకు అదే ఖానా. తుంగ, జమ్ము, తామర దుబ్బుల మధ్యకు పెద్ద చేప దూరలేదు. అల తాకని మూలలో పిల్ల నిలదొక్కుకుంటుంది. కొర్రమీను గూడు కట్టేది ఆ దుబ్బుల్లోనే. పిల్లలు ఎర్రగా, ఒక్క గుంపుగా తిరుగుతుంటాయి, కింద తల్లిదండ్రులు పహరా కాస్తుంటాయి. గాలి పీల్చడానికి గుంపంతా మాటిమాటికీ పైకి రావాలి. వల పట్టినవాడికి ఆ ఎరుపే నిషానీ. ఒక్క విసురుతో ఖాన్‌దాన్ మొత్తం ఖతం. ఆ రోజు మన గిన్నెలోకి వచ్చింది అదే.

"పిల్ల హేచరీలో దొరుకుతుంది కదా" అంటారు మీరు. దొరుకుతుంది, బొచ్చె, శీలావతి. మీ చెరువుకు అవి చాలు. మరి ఇంగిలాయి, మార్పు, చేదుపరిగె ఏ హేచరీ నుంచి వచ్చి సరస్సులో పడతాయి? చెరువు లేనివాడు, మావు వేసుకుని పొట్ట పోసుకునే గరీబు, వాటి మీదే బతుకుతాడు. మీ గట్టు లోపలి చేప మీది. గట్టు బయట పుట్టాల్సిన చేప అతని రోజీ.

గట్టు చేసే నుక్సాన్ అంత తేలిగ్గా కనిపించదు. వానలకు సరస్సు ఉబ్బి పల్లపు నేలల మీదికి పాకుతుంది. చేప ఆ కొత్త నీళ్లలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది, నీళ్లు తీసేటప్పుడు పిల్లలు దిగొస్తాయి. నిట్టనిలువు గట్టు వేస్తే ఆ రాకపోకలు బంద్. సరస్సు లోతైన గిన్నె అవుతుంది, అంచు మాయమవుతుంది.

కాంటూరు గొడవలో అసలు సంగతి ఇదే. 1999లో +5 అడుగుల వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో శాసనసభ +3కి తగ్గించాలని తీర్మానం చేసింది. +3 అయితే మిగిలేది సుమారు 135. పోయేది సగానికి పైనే, అదీ లోతులేని అంచే! ఇల్లంతా ఉంచి పిల్లల గది మాత్రం కూల్చడమన్నమాట.

ఒక మాట మీ తరఫున కూడా. ఆ గీత లోపల పట్టా భూములున్న చిన్న రైతుకు ముఆవజా ఇవ్వకుండా చేపల పేరు చెప్పి ఖాళీ చేయమనడం జుల్మ్. అది ఇవ్వాల్సిందే. అయితే అతని దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని వందల ఎకరాల చెరువులవాళ్లు వకాలత్ చేసుకోవడం నాకు నచ్చదు.

గుర్రపు డెక్క చూపించి "ఇదేనా మీ ఊయల" అనకండి. అది నీటిని కప్పేసి వెలుతురూ గాలీ ఆపేస్తుంది. పిల్లకు కావాల్సింది దుబ్బు, దుప్పటి కాదు.

మైలవరం వాళ్లకు ఇదంతా దూరపు ముచ్చటేమీ కాదు. బుడమేరు పుట్టింది మన కొండల్లోనే, చేరేది కొల్లేటికే. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచింది ఆ బుడమేరే. మన వాగులో పారేసిన ప్లాస్టిక్కూ, తోటలకు కొట్టిన మందూ ఆ నీళ్లతోనే పోయి చేరతాయి.

ఈ ఆదివారం సంతలో ఎర్రపిల్లలు కుప్ప పోస్తే నేను కొనను. ఖాలా నారాజ్ అయితే కానీ, కిలో తూగే కొర్రమీను ఒకటి తీసుకెళ్లి మనాయిస్తాను. మామూ, మీ కౌలు వచ్చే ఏడాది మళ్లీ రాసుకోవాలన్నారు. సరస్సు వైపు ఉన్న ఆ రెండు చెరువులు వదిలేయండి.