మరుగున పడుతున్న పొడుపు లెక్కలు

"దీపం ఎన్నింటికి ఆరింది?" అని తాత అడిగితే మనుమడు "ఆరింటికి" అనేవాడు. "పాప ఎన్నింటికి ఏడ్చింది?" అంటే "ఏడింటికి" అనేవాడు. పచ్చడి నూరమని తల్లి అంటే "నూరు అయ్యాక నూటొకటా?" అనే కొంటె పిల్లలుండేవారు. సిక్స్, సెవెన్, హండ్రెడ్ అని మాత్రమే నేర్చిన పిల్లలకు ఈ చమత్కారం అందడం లేదు.

పొడుపు లెక్కల గతీ అంతే. ఎగిరిపోయే కొంగలను చూసి చెట్టుమీది కొంగ "మీరెందరు?" అన్నదట. "మేమూ, మాయంత, మాలో సగం, అందులో సగం, నీతో కలిపి నూరు" అన్నవట. అడిగిన కొంగను తీసేస్తే 99. అది పదకొండు పావులు. పావుకు 9 చొప్పున నాలుగు పావులు 36. బీజగణితం పేరు వినని రైతులు రచ్చబండ మీద వేళ్లపైనే ఈ ముడి విప్పేవారు. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో చెప్పిననాటినుంచీ లెక్కకు, మాటకు పొత్తు ఉన్నది.

ఇంగ్లీషు చదువు వద్దని ఎవరూ అనరు. కాని లెక్కలంటే జడిసి బడి ఎగ్గొట్టే పిల్లవానికి బెత్తం కంటే నవ్వు మేలు. రామానుజన్ జన్మదినమైన డిసెంబరు 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆనాడు ఉపన్యాసాలతో సరిపెట్టక, ఊరి పెద్దలను బడికి పిలిచి పొడుపు లెక్కలు చెప్పించాలి. పెద్దలు పోయాక అడుగుదామంటే చెప్పేవారుండరు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు వెంటనే శ్రద్ధ వహించడం అవసరం.