ప్రయాణికుల బండిలో వ్యాపార సరుకు వద్దు

టికెట్ కొన్న మనిషి కూర్చునే బండిలో వ్యాపారుల సరుకు ఎక్కించకూడదు. ఈ కరపత్రం అడిగేది అంతే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సులో రెండు వందలకు పైగా స్మార్ట్‌ఫోన్ల పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు పేలడంతో మంటలు ఉధృతమయ్యాయని ఫోరెన్సిక్ నిపుణులు చెప్పారు. నాలుగు రోజులు తనిఖీలు జరిగాయి, కేసులు రాశారు, డిక్కీలు మళ్లీ నిండాయి. ఇలాంటి చావులు ఎలా మొదలవుతాయో, ఎవరి లాభం కోసం సాగుతాయో తెలుసుకోవాలంటే దాదాపు రెండు శతాబ్దాల కిందట అమెరికాలో కాలిపోయిన ఒక స్టీమర్ కథ చదవాలి. అందులో దాచిందేమీ లేదు, అన్నీ విచారణలో బయటపడ్డాయి.

ఆ స్టీమర్ పేరు లెక్సింగ్టన్. నౌకా వ్యాపారి కార్నీలియస్ వాండర్‌బిల్ట్ కట్టించింది, తర్వాత న్యూజెర్సీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ కొనుక్కుంది. కట్టెలతో నడిచేదాన్ని బొగ్గుకు మార్చారు. మంట రాజుకోవడానికి గాలి కొట్టే బ్లోయర్లు బిగించారు. పొయ్యి వేడి పెరిగింది, పొగగొట్టం చుట్టూ ఉన్న చెక్క మాత్రం చెక్కగానే ఉంది. 1840 జనవరి 13న న్యూయార్క్ నుంచి స్టోనింగ్టన్‌కు బయల్దేరినప్పుడు అందులో సుమారు 140 మంది మనుషులు, 150 దాకా పత్తి బేళ్లు ఉన్నాయి. బేళ్లను డెక్ మీద, పొగగొట్టం పక్కనే పేర్చారు. అక్కడ ఎందుకు పేర్చారంటే ఖాళీ ఉంది కాబట్టి, ఖాళీకి కిరాయి వస్తుంది కాబట్టి. రాత్రి ఏడున్నర ప్రాంతంలో పొగగొట్టం దగ్గర మంట కనిపించింది. కాసేపటికే చుక్కాని తాళ్లు తెగాయి, ఇంజన్ ఆపే దారి లేక ఓడ పరుగు తీస్తూనే ఉంది. దించిన పడవలు మూడూ దక్కలేదు. వెండి నాణేల పెట్టెలను కుమ్మరించి వాటితో నీళ్లు తోడారు. గడ్డకట్టే చలిలో, లాంగ్ ఐలండ్ జలసంధిలో, నలుగురే బతికారు. కొన్ని మైళ్ల దూరంలో ఉన్న ఒక తెరచాప ఓడ కెప్టెన్ మంట చూసి కూడా పోటు దాటిపోతుందని తన దారిన వెళ్లాడు. అతణ్ణి ఎంత తిట్టినా తక్కువే, కానీ ఆ ఓడకు నిప్పు పెట్టింది అతడు కాదు.

మంట పత్తి వల్ల పుట్టలేదని అప్పుడూ అన్నారు, ఫోన్ల వల్ల పుట్టలేదని ఇప్పుడూ అంటున్నారు. నిజమే, అక్కడ పొగగొట్టం, ఇక్కడ బస్సు కింద ఇరుక్కున్న మోటారు సైకిలు. నిప్పు ఎక్కడైనా పుడుతుంది. పుట్టిన నిప్పుకు మేత ఎవరు పెట్టారన్నదే ప్రశ్న. పొగగొట్టం పక్కన ఉత్త చెక్కే ఉంటే బకెట్ల నీళ్లు సరిపోయేవేమో, పత్తికి సరిపోలేదు. ఇది కూడా ఊహ అంటారేమో, విచారణ జరిపిన కరోనర్ జ్యూరీ మాటే వినండి. ప్రయాణికుల స్టీమర్లలో నిప్పంటుకునేలా పత్తి తీసుకెళ్లడాన్ని ఆ జ్యూరీ తీవ్రంగా తప్పుపట్టింది. బతికినవాళ్లలో కొందరు తేలే పత్తి బేలు పట్టుకునే ప్రాణాలు దక్కించుకున్నారు కదా అనేవాళ్లకు జవాబు చెప్పడం దండగ.

తనిఖీలు ఉన్నాయి కదా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా అనే వాదన మాత్రం ప్రమాదకరమైంది, ఎందుకంటే జనం దాన్ని నమ్ముతారు. లెక్సింగ్టన్ కాలిపోయేనాటికి అమెరికాలో చట్టం లేదా? ఉంది. 1838లోనే వచ్చింది. చుక్కానికి తాళ్లకు బదులు ఇనుప గొలుసులు గానీ కడ్డీలు గానీ వాడాలని అందులోనే రాశారు. ఓడను తనిఖీ చేసినవాడికి ఒక్కో తనిఖీకి ఐదు డాలర్ల రుసుము, ఇచ్చేది ఓడ యజమాని. యజమాని జేబులోంచి కూలి తీసుకునే ఇన్‌స్పెక్టరు యజమాని మొహం చూసే సంతకం పెడతాడు. జ్యూరీ ఇన్‌స్పెక్టర్లను కూడా వదల్లేదు.

ఇక డబ్బు సంగతి. ఆ ఓడలో ఒక బోస్టన్ బ్యాంకుకు చెందిన సుమారు 18 వేల డాలర్ల బంగారు, వెండి నాణేలు పోయాయి. బ్యాంకు దావా వేసింది, 1848లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీయే బాధ్యత వహించాలని తీర్పు చెప్పింది. ఓడ యజమానులు బెంబేలెత్తారు. 1851లోనే వాళ్ల నష్టపరిహారానికి హద్దు కట్టే చట్టం వచ్చేసింది. మరి ప్రయాణికుల చట్టం? 1841లో ఈరీ సరస్సులో ఈరీ అనే స్టీమర్ కాలింది, అందులో మండింది టర్పెంటైన్, వార్నిష్ డబ్బాలు, సుమారు 250 మంది పోయారు. 1852 జూలైలో హడ్సన్ నదిలో హెన్రీ క్లే కాలింది. ఆ తర్వాత, ఆగస్టు 30న, మండే సరుకుల మీద ఆంక్షలు పెట్టి, జీతం తీసుకునే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లను నియమించే చట్టం వచ్చింది. లెక్సింగ్టన్ నుంచి పన్నెండేళ్లు! యజమానుల భద్రత ముందు, మనుషుల భద్రత తర్వాత. ఆ వరస ఇక్కడా సాగుతుంటే చూస్తూ ఊరుకోవాలా?

సరుకు ఆపితే టికెట్ ధర పెరుగుతుందని బస్సు యజమానులు బెదిరిస్తారు. పెరిగితే పెరగనివ్వండి, పార్సిల్ కిరాయి వల్ల తగ్గిన ధరను మన శవాలతో చెల్లించే పద్ధతి కన్నా అదే మేలు. ఆర్టీసీ బస్సుల్లో పార్సిళ్లు వేయడం లేదా అంటారు. అక్కడా ఆపాలి, పార్సిళ్లకు వేరే వాహనాలు నడపాలి. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు చేయాల్సింది ఇది: ప్రయాణికుడి సొంత సామాను తప్ప మరేదీ బస్సులో ఉండకూడదని ఉత్తర్వు ఇవ్వాలి, బస్సు బయల్దేరే చోటే డిక్కీ తెరిచి చూడాలి, సరుకు దొరికితే డ్రైవరు మీద కాదు, పర్మిట్ ఎవరి పేర ఉందో వారి మీద కేసు పెట్టి పర్మిట్ రద్దు చేయాలి. ప్రయాణికులారా, ఈ రాత్రి బస్సెక్కే ముందు డిక్కీలో ఏముందో అడగండి. చెప్పకపోతే ఎక్కకండి, ఫోటో తీసి రవాణా శాఖకు ఫిర్యాదు రాయండి.