న్యాయ విద్యార్థులు బిజినెస్ పేజీ కూడా చదవాలి

మన పిల్లలు న్యాయవిద్య వైపు మొగ్గుచూపడం శుభపరిణామం. అయితే లా చదివే విద్యార్థులతో మాట్లాడినప్పుడు ఒక లోటు స్పష్టంగా కనబడుతోంది. రాజ్యాంగ అధికరణలు, శిక్షాస్మృతి సెక్షన్లు వారికి కంఠోపాఠం. దినపత్రికలో బిజినెస్ పేజీ రాగానే మాత్రం తిప్పేస్తారు. అది షేర్లు కొనేవారికీ, పెద్ద సేఠ్‌లకూ సంబంధించినదని వారి భావన. ఈ భావన వల్ల వారితోపాటు సముదాయమూ నష్టపోతోంది.

చట్టాలు ఊరకే పుట్టవు. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తమ కంపెనీ లెక్కల్లోని మోసాన్ని లేఖ ద్వారా స్వయంగా వెల్లడించారు. అమెరికాలోని మదుపరులు సామూహికంగా దావా వేయగా, 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. మన దేశపు చిన్న వాటాదారులకు అప్పట్లో అటువంటి మార్గమే లేదు. 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ ఆ లోటును పూడ్చింది. ఈ నేపథ్యం తెలియని విద్యార్థికి ఆ సెక్షన్ పరీక్షలో రాయవలసిన ఒక అంకె మాత్రమే.

మన బస్తీలకు మరింత దగ్గరి ఉదాహరణ ఇది. దుస్తులు కుట్టే కార్ఖానాలు, వెల్డింగ్ షెడ్లు, ఫర్నిచర్ తయారీ కేంద్రాలు నడిపేవారు మనలో ఎందరో ఉన్నారు. సరుకు అప్పగించి నెలల తరబడి డబ్బు కోసం తిరగడం వీరి నిత్య బాధ. ప్రభుత్వ కార్యాలయంలో బిల్లుల దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాడిగా ఆ నిరీక్షణ ఎంత భారమో నాకు తెలుసు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006 నుంచీ అమలులో ఉంది. దాని ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. 2023 ఆర్థిక చట్టం మరో పట్టు బిగించింది: గడువులోగా చెల్లించని మొత్తాన్ని, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను మినహాయింపు పొందాలి. ఈ మార్పు బిజినెస్ పేజీల్లో విస్తృతంగా చర్చకు వచ్చింది. దాన్ని చదివిన యువ న్యాయవాది నోటీసులో ఒక్క వాక్యం చేర్చి బకాయి రాబట్టగలడు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నదా, కక్షిదారు తయారీదారా లేక కేవలం కొని అమ్మే వ్యాపారా అన్న ప్రశ్న మొదటే అడగగలడు. ఎందుకంటే కేవలం వర్తకులకు ఈ రక్షణ లభించడం కష్టం.

వడ్డీ, షేర్ల వార్తలు మన పిల్లలకెందుకని కొందరు పెద్దలు అడుగుతారు. వారి ఆవేదనను గౌరవిద్దాం. అయితే ఒక విషయాన్ని తెలుసుకోవడం వేరు, అందులో పాల్గొనడం వేరు. వడ్డీ వద్దనుకునే కక్షిదారు అసలు మాత్రమే కోరవచ్చు. ఆ నిర్ణయం అతనిది. కానీ అసలు సొమ్మైనా గడువులో చేతికి రావాలంటే చట్టం తెలిసిన వకీలు పక్కన ఉండాలి.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. రోజుకు ఒక వ్యాపార వార్త చాలు. దాన్ని చదివి నోటుపుస్తకంలో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి: డబ్బు ఎవరికి రావాలి? ఎవరు ఇవ్వాలి? ఏ చట్టం వర్తిస్తుంది? ఏ వేదిక ముందుకు వెళ్ళాలి? కంపెనీ దివాలా అయితే జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్. 3 లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య వివాదమైతే కమర్షియల్ కోర్టు. చెక్కు చెల్లకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. ఆరు నెలలు ఇలా సాగిస్తే, పెద్ద న్యాయసంస్థల ఇంటర్వ్యూల్లో ఈ విషయాలపై అడిగే ప్రశ్నలకు మన పిల్లలు తడబడరు.

తల్లిదండ్రులకు, సముదాయ గ్రంథాలయాలు నడిపే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఒక బిజినెస్ దినపత్రిక కూడా వేయించండి. వారానికి ఒకసారి న్యాయ విద్యార్థులనూ, చిన్న కార్ఖానాల యజమానులనూ ఒకచోట కూర్చోబెట్టండి. ఒకరికి అనుభవం, మరొకరికి ఆసరా దొరుకుతాయి.