మెచ్చు నగరము, ఉండు నగరము

పదిమంది తెలుగువారు కూడినచోట లోకమందలి మహానగరముల ప్రసక్తి రాకమానదు. కుమారునియొద్దకో కుమార్తెయొద్దకో పోయి వచ్చినవా రొకరు సింగపూరు వీథుల శుభ్రతను వర్ణింతురు. మరియొకరు పారిస్ దీపముల శోభను, వేరొకరు లండను భూగర్భ రైళ్ల క్రమమును కొనియాడుదురు. విన్నవారందరును తలలూపుదురు. పిమ్మట ఎవరో యొకరు నిట్టూర్చి, "వీళ్ల ఊరు ఎన్ని యేండ్లైనను ఇంతే" అని ప్రసంగమును ముగింతురు. ఆ "వీళ్ల ఊరు" ఏది? చెన్నపట్నము, బెంగుళూరు, ముంబయి, షోలాపురము, బరంపురము. ఆ మాట పలికినవారు పుట్టినది అచ్చటనే, చదివినది అచ్చటనే, వారి తాతముత్తాతలు కన్నుమూసినదియు అచ్చటనే. మూడు నాలుగు తరములు గడచినను ఆ ఊరు వారికి "వీళ్ల ఊరు" గనే మిగిలినది. నా వ్యాజ్యమంతయు ఆ యొక్క మాట మీదనే.

పరదేశపు మంచిని మెచ్చుట తప్పని నేననను. మెచ్చుట సంస్కారలక్షణమే. కాని మనము మెచ్చునది పండును మాత్రమే. ఆ చెట్టునకు నీరు పోసినవా రెవరో విచారింపము. ఆ నగరములు దైవదత్తముగా అట్లు పుట్టినవనియు, మనవి మన కర్మముచే ఇట్లున్నవనియు తలచుచున్నాము. చరిత్ర ఆ మాట నంగీకరింపదు. నేడు మనమునకు ప్రీతిగొలుపు నగరములలో పెక్కింటికి ఒకప్పుడు నరకమను పేరు తగియుండెను. వానిని మార్చినవారు చూడవచ్చిన యాత్రికులు కారు. "ఇది మా ఊరు, దీని నిట్లుండనీయము" అని కలహించిన నివాసులు.

లండనును తీసికొందము. 1858వ సంవత్సరమున అంతటి సంపన్న నగరము లోకమున మరియొకటి లేదనవచ్చును. అయినను ఆ వేసవిలో దాని మలినమంతయు థేమ్సు నదిలో పడి కుళ్లెను. ఒడ్డుననున్న పార్లమెంటు భవనములో దుర్గంధమునకు తాళలేక కిటికీ తెరలను బ్లీచింగు సున్నపునీట తడిపి వ్రేలాడదీసిరి. ముక్కులు మూసికొన్న ఆ సభ్యులే కొలది దినములలో శాసనము చేసిరి. జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు భూమిక్రింద మురుగుకాలువలను కట్టించెను. 1866లో కలరా మరల వచ్చినపుడు, ఆ కాలువలు ఇంకను పూర్తికాని తూర్పు భాగమే ముఖ్యముగా దానికి ఆహుతియైనది. పిమ్మట 1952 డిసెంబరులో బొగ్గుపొగయు పొగమంచును కలిసి ఐదు దినములు నగరమును కప్పి వేలమందిని బలిగొన్నవి. 1956లో వాయుశుద్ధి శాసనము వచ్చినది. ధనము లండనునకు ముందే ఉండెను. కాని ఆ ధనము కంపును తొలగింపలేదు. కంపు సోకినవాడు అది తన యింటి కంపని గుర్తించిన దినముననే పని మొదలైనది.

"వారు ధనవంతులు, చేసికొనగలిగిరి" అనువారికి వియన్నా ఉత్తరము చెప్పును. నివాసయోగ్య నగరముల పట్టికలలో నేడు పలుమార్లు ప్రథమస్థాన మందుకొన్న ఆ నగరము, మొదటి ప్రపంచయుద్ధానంతరము సామ్రాజ్యమును పోగొట్టుకొని, తిండికిని వంటచెరకునకును మొగము వాచియుండెను. ఇరుకు గదులలో ఎన్నో కుటుంబములు బ్రతుకుచుండెను. క్షయరోగము ఇల్లిల్లు తిరుగుచుండెను. అట్టి స్థితిలో, 1923లో ఆ నగరపాలక సంస్థ గృహనిర్మాణపు పన్నును విధించెను. చిన్న యింటివానికి స్వల్పము, విలాసభవనము గలవానికి మిక్కుటము. ఆ ధనముతో 1934 నాటికి 60 వేలకు పైగా నివాసములు లేచినవి. 1930లో ప్రారంభోత్సవము జరిగిన కార్ల్ మార్క్స్ హోఫ్ అను ఒక్క కట్టడమే కిలోమీటరునకు మించిన పొడవు గలది. అందు స్నానశాలలు, చాకిరేవు గదులు, పుస్తకశాల, పిల్లల బడి అమర్చిరి. నేటికిని ఆ నగర ప్రజలలో సుమారు సగముమంది నగరపాలక సంస్థవో, ప్రభుత్వ సాహాయ్యము పొందినవో అగు ఇండ్లలోనే నివసించుచున్నారు. యాత్రికుడు వియన్నాలో రాజప్రాసాదమును, సంగీతశాలను చూచి వచ్చును. అద్దెకు భయపడక నిద్రించు సామాన్యుని అతడు చూడడు. ఆ నగరపు సౌందర్యములో పెద్ద పాలు ఆ నిద్రయే.

ఆమ్‌స్టర్‌డాం కథ మరియొక విధము. సైకిళ్లు ఆ జాతి రక్తములోనే ఉన్నవని మనవారు నమ్ముదురు. అది నిజము కాదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అచ్చటను మోటారుకార్లు వీథుల నాక్రమించినవి. కాలువల ప్రక్కనున్న పాతపేటలను పడగొట్టి పెద్ద రహదారులు వేయవలెనని ప్రణాళికలు సిద్ధమైనవి. 1971వ సంవత్సరమొక్కదానిలోనే హాలండు దేశమున వాహన ప్రమాదములలో మూడువేలమందికి పైగా మరణించిరి. వారిలో నాలుగువందలకు మించి పసిబిడ్డలు. అప్పుడు తల్లులు, తండ్రులు, విద్యార్థులు వీథులకెక్కిరి. "శిశుహత్య నాపుడు" అన్నది వారి ఉద్యమము పేరు. వీథులకు అడ్డముగా బల్లలు వేసి భోజనము చేసిరి, పిల్లల నాడించిరి, నడివీథిలో శవములవలె పరుండిరి. ఆనాడు వారు చేసిన రచ్చయే నేడు మనము ఛాయాచిత్రములు తీసికొని వచ్చు సైకిలుబాట. చిత్రములో రచ్చ కనబడదు గనుక మనము దానిని ఆ జాతి స్వభావమనుకొందుము.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. అది త్రోసివేయదగినది కాదు. పారిస్ విశాలవీథులను 1853 మొదలుకొని చక్రవర్తి యాజ్ఞపై హోస్మన్ అను అధికారి వేయించెనుగదా. అందుకై వేల బీదలయిండ్లను కూల్చెనుగదా. సింగపూరు నదిని 1977 నుండి 1987 వరకు శుభ్రపరచినది సైతము ప్రభుత్వాజ్ఞయే గదా, పౌరుల పాత్ర యేది అని యడుగవచ్చును. ఆజ్ఞచే వీథి వేయవచ్చును, నది కడుగవచ్చును, అంతవరకు నిజమే. కాని ఆజ్ఞ యిచ్చినచేయి మరునాడు వేరొక ఆజ్ఞ యిచ్చును. 1967లో ఆ పారిసులోనే సేన్ నది కుడియొడ్డును మోటారుకార్ల రహదారి చేసిరి. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 2016లో, వాదవివాదములు న్యాయస్థానము దాక ప్రాకినను వెనుదీయక, నగరసభ ఆ యొడ్డును నడచువారికి తిరిగి యప్పగించినది. 1923 నుండి నిషిద్ధమైన నదీస్నానమును 2025 జూలైలో నియమిత స్థలములందు ప్రజలకు మరల అనుమతించిరి. ఆజ్ఞ కట్టిన నగరమును సైతము తుదకు నిలుపవలసినవాడు నివాసియే.

ఇక మన నగరములకు వత్తము. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. పూడిపోయిన మీఠీ నది ఆ నీటిని మోయలేక ఇండ్లమీదికి వదలినది. 2015 డిసెంబరులో చెన్నపట్నము మునిగినది. నాలుగేండ్లకే, 2019 జూలైలో, అదే పట్టణమునకు జోలార్‌పేట నుండి రైలుపెట్టెలలో త్రాగునీరు తేవలసివచ్చినది. బెంగుళూరున బెళ్లందూరు చెరువు నురగలు గ్రక్కి, నీటిమీదనే మంటలు లేచినవి. ఈ చెరువులు, ఈ నదులు నిండినపుడు కులము, భాష అడిగి ముంచలేదు. ఎండినపుడు తెలుగుబిందెను ప్రత్యేకించి నింపలేదు. మరి మన సంఘములు ఆ దినములలో ఏమి చేసినవి? అన్నపు పొట్లములు పంచినవారు కలరు, వారికి నమస్కారము. కాని నీరు తీసిన పిమ్మట, ఆ చెరువు ఎవరిచే పూడినదని యడుగుటకు ఎందరము పోయితిమి? ఉగాదికి పంచాంగశ్రవణము చేసితిమి. ఆ యేటి వాన యెన్ని పాళ్లో విని యింటికి పోయితిమి. ఆ వాన యెచ్చట నిలుచునో విచారింపమైతిమి. యానామువారికి ఊరును తమదే, వీథిలోని భాషయు తమదే. అయినను ప్రభుత్వపీఠము పుదుచ్చేరియందున్నది గనుక అన్నియు అచ్చటివారే చూచుకొందురను అలవాటు అక్కడ సైతము లేదనగలమా?

"ఈ ఊరిని మాదనుకొన్నచో మా తెలుగు పోవును, మా మూలము మరపునకు వచ్చును" అని పెద్దలు కొందరు భయపడుదురు. ఈ భయము నేను తేలికగా చూడను. భాష జారిపోవుచున్న యింటి బాధ అనుభవించువారికే తెలియును. కాని చరిత్ర దీనికి విరుద్ధమైన సాక్ష్యము పలుకుచున్నది. తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు వెలిగినది. తరువాత వచ్చిన మరాఠా ప్రభువు శాహజీ తానే తెలుగున యక్షగానములు రచించెను. మేలట్టూరు భాగవతమేళమువారు తమిళసీమలో నేటికిని తెలుగు నాటకములనే ప్రదర్శించుచున్నారు. తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామి ఇంట తెలుగు మాటాడెను. ఎదుట పారు కావేరిని చూచి, ఆ నది నడకను వర్ణించుచు తెలుగున కీర్తన రచించెను. అది పరాయివారి నదియని ఆయన ముఖము త్రిప్పుకొనలేదు. కావేరిని తనదనుకొనుటచే ఆయన తెలుగునకు కలిగిన లోటేమి? కాశీనాథుని నాగేశ్వరరావుపంతులు ఆంధ్రపత్రికను 1908లో ఆరంభించినది బొంబాయిలో. ఆ బొంబాయి కట్టడములకు రాయి మోసిన కామాఠీలు తెలుగువారు. వారి పేరనే కామాఠిపుర వెలసినది. బరంపురపు పట్టుచీర వెనుక తెలుగుచేతి పనితనము కలదు. ఊరిని తమదిగా చేసికొన్నవారే అచ్చట తెలుగును నాటిరి. బాడుగకున్నవాడు పెరటిలో మామిడిమొక్క నాటడు.

మరి కొందరందురు: "మనము అల్పసంఖ్యాకులము, మన మాట ఎవరు విందురు?" భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో ప్రాథమికవిద్య కావలెనని కోరునపుడు, 1956లో రాజ్యాంగమున చేర్చిన 350 ఏ అధికరణమును మన సంఘములు సగౌరవముగా చూపును, చూపవలసినదే. అదే రాజ్యాంగమున 1992 నాటి 74వ సవరణచే, మూడులక్షలు, అంతకు మించిన జనాభాగల పట్టణములకు వార్డు సంఘములు ఏర్పడవలెనని 243 ఎస్ అధికరణము చెప్పుచున్నది. ఆ పుటను మనలో ఎందరు త్రిప్పిరి? మొదటిది ఊరు మనకు ఈయవలసినది. రెండవది మనము ఊరికి ఈయవలసినది. ఒక చేయి చాచి రెండవ చేయి వెనుక దాచుకొన్నవానిని ఇరుగుపొరుగు అతిథియనియే పిలుచును. అతడు నొచ్చుకొని ప్రయోజనము లేదు. వార్డు సభకు పోవుటకు సంఖ్యాబలము అక్కరలేదు. ఇరుగువారి భాషలో నాలుగు వాక్యముల విన్నపము వ్రాయగలిగినచో చాలును. తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో వ్రాయనేర్చిన తెలుగుబిడ్డ తెలుగును పోగొట్టుకొనడు. వీథి చివర మురుగుకాలువ పేరు ఏ భాషలోను తెలియని బిడ్డకే ఊరు లేదు.

పెద్దపనులకు జంకువారికి చిన్నపని యొకటి కలదు. రోము నగరమున 1874 నుండి వీథివీథిన ఇనుప కొళాయిస్తంభములు నిలిపిరి. నేడు అట్టివి సుమారు 2,500 ఉన్నవి. వాని వంకర గొట్టములనుబట్టి ఆ ఊరివారు ముద్దుగా "పెద్దముక్కులు" అని పిలుతురు. రాజైనను బిచ్చగాడైనను దోసిలి పట్టిన చాలును, మంచినీరు వచ్చును. యాత్రికులు దానిని చూచి ఆశ్చర్యపడి మెచ్చుకొందురు. మనకు ఆశ్చర్యమెందులకు? వేసవి వచ్చినచో బాటప్రక్కన చలివేంద్రము పెట్టి, పేరడుగక నీరు పోసిన జాతి మనది. ఆ చలివేంద్రము నేడు మన సంఘభవనముల ముందు ఉన్నదా? ఉన్నచో అది సభ్యులకా, బాటసారులకా?

కావున సంఘపెద్దలకు నా విన్నపమిది. ఈ వేసవిలో మీ భవనము గోడకు వెలుపలివైపున ఒక కొళాయి పెట్టించుడు. దానిపై తెలుగుతోపాటు ఆ ఊరి భాషలోను అక్షరములు వ్రాయించుడు. వచ్చెడి వార్డు సభకు మీ యువకుల నిద్దరిని పంపి, పేటలోని చెరువును గూర్చి యొక్క ప్రశ్న యడిగింపుడు. వచ్చిన ఉత్తరమును ఉగాది సభలో పంచాంగముతోపాటు చదివింపుడు. మెచ్చినవారు పారిసును, వియన్నాను తప్పక చూచి రండు. చూచి వచ్చినవారు ఆ సభకే వచ్చి, అచ్చటివారు ఏయే కలహములతో ఆ సుఖమును గడించిరో చెప్పుడు. అట్లు చెప్పునపుడు మాత్రము, మనమున్న ఊరిని "మా ఊరు" అని పిలువుడు.