ఎత్తు దక్కింది, కోణం తప్పింది

హోమ్ థియేటర్‌లో సరౌండ్ స్పీకర్లను, అంటే ప్రేక్షకుడి పక్కలనుంచీ వెనుకనుంచీ ధ్వని వినిపించే జతను, వెనుక మూలల్లో స్లాబుకు ఆనించి బిగించడమే పద్ధతి అన్న నమ్మకం మన పట్టణాల్లో బాగా పాతుకుపోయింది. జహీరాబాద్‌లో 65వ జాతీయ రహదారి పొడవునా లేస్తున్న కొత్త ఇళ్లలోనైనా, మరో ఊళ్లోనైనా, సోఫా ఎక్కడ వేయాలో ఇంటివారు తేల్చుకోకముందే, గోడ గాడి కొట్టి కన్సీల్డ్ పైపు దించే దశలోనే, స్లాబుకు జానెడు కింద ఒక పెట్టె, దానిలోంచి చుట్టగా వేలాడే రెండు తీగలు కనిపిస్తే ఎవరికీ ఆశ్చర్యం కలగదు. తీగ ఎక్కడ తేలిందో స్పీకరు అక్కడే బిగుసుకుంటుంది.

ఈ పద్ధతిని సమర్థించేవారు మొదట చూపేది సినిమా హాలును. అక్కడ పక్కగోడల స్పీకర్లు ఎత్తునే ఉంటాయన్నది నిజమే గానీ, చెవికి తెలిసేది నేలనుంచి ఉన్న ఎత్తు కాదు, ఎత్తుకోణం, అంటే చెవి మట్టానికి ధ్వని ఎన్ని డిగ్రీల పైనుంచి వస్తున్నదన్న లెక్క. అరవై అడుగుల వెడల్పున్న హాలు నడుమ కూర్చున్నవారికి గోడ 30 అడుగుల దూరంలో ఉంటుంది కనుక, స్పీకరు చెవికంటే 12 అడుగులు పైన ఉన్నా ఆ కోణం 22 డిగ్రీలు దాటదు. ఇంటి హాలు వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకుంటే, వెనుక గోడకు చేర్చిన సోఫా నడుమ కూర్చున్న మనిషికి మూలనున్న స్పీకరు ఆరడుగులు పక్కగా, చెవికి ఆరుంపావు అడుగులు పైగా ఉండి, కోణం 46 డిగ్రీలకు చేరుతుంది. సినిమా హాలును అనుకరించామనుకున్నవారు దాని కోణాన్ని రెట్టింపు చేసి కూర్చున్నారు.

ఈ అలవాటుకు ఒకప్పుడు అర్థం లేకపోలేదు. డాల్బీ ప్రోలాజిక్ 1987లో ఇళ్లకు వచ్చిన నాటికి సరౌండ్‌కు ఉన్నది ఒక్కటే చానల్. రెండు స్పీకర్లూ పలికేది ఒకే ధ్వనిని, అదీ 7 కిలోహెర్ట్జ్‌కు పైనున్న సన్నని స్వరాలు తెగిపోయాక మిగిలినదాన్ని. దిక్కు తెలియని ఆ ధ్వనిని గదంతా పరచడానికి మూల పనికివచ్చింది. 1992లో సినిమాల్లోకి వచ్చిన డాల్బీ డిజిటల్ ఎడమకూ కుడికీ వేర్వేరు చానళ్లు ఇచ్చింది. 2012లో వచ్చిన డాల్బీ ఆట్మాస్ పైకప్పుకు ప్రత్యేక స్పీకర్లు కేటాయించింది. 2015 నాటి ‘బాహుబలి’ ఆట్మాస్‌లోనూ విడుదలైంది. తల మీది ధ్వనికీ పక్కనున్న ధ్వనికీ తేడా చూపడానికే రూపొందిన వ్యవస్థలో పక్క స్పీకరును కూడా పైకప్పుకే ఎక్కిస్తే, ఆ తేడా కోసం పెట్టిన ఖర్చు గోడ మీద అలంకారంగా మిగులుతుంది.

మనిషి చెవి ఎత్తును సరిగా పోల్చుకోలేదు కదా, మూలన పెడితే ఏం పోయింది అన్నది మరో వాదన. పోల్చుకోలేకపోవడం కొంతవరకు నిజమే. అయితే ధ్వని ఏ పక్కనుంచి వస్తున్నదో చెవి గుర్తుపట్టేది ముఖ్యంగా అది రెండు చెవులకు చేరే సమయాల తేడాను బట్టి. స్పీకరు పక్కన చెవి మట్టంలో ఉన్నప్పుడు ఆ తేడా సెకనులో వెయ్యోవంతుకంటే తక్కువే అయినా గరిష్ఠంగా ఉంటుంది, స్పీకరు పైకి జరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. 46 డిగ్రీల వద్ద సుమారు మూడోవంతు పోతుంది. చెవి పోల్చుకోలేని ఎత్తును తెచ్చిపెట్టి, అది చక్కగా పోల్చుకోగల పక్కను పోగొట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

స్పీకర్లకు ధ్వనిని పంచే రిసీవర్‌తో వచ్చే మైకు అన్నీ సర్దేస్తుందన్న ధీమా కూడా ఇలాంటిదే. అది ఆలస్యాన్నీ హెచ్చుతగ్గులనూ కొంతవరకు స్వరాన్నీ సరిచేస్తుంది. ధ్వని వచ్చే దిక్కును మార్చలేదు.

మూలను సమర్థించేవారి వాదనలో గట్టిది ఒకటుంది, దాన్ని దాటవేయరాదు. సోఫా చివర, ఎడమ గోడకు మూడుముప్పావు అడుగుల దూరంలో కూర్చున్నవారికి, స్పీకర్లు చెవి మట్టంలో ఉంటే దగ్గరి స్పీకరు దూరపుదానికంటే దాదాపు 7 డెసిబెల్‌లు బిగ్గరగా వినిపిస్తుంది. మూలల్లో ఉంటే ఆ తేడా 3కు తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి చూసే చోట ఇది చిన్న విషయం కాదు. కానీ దీనికి మందు స్లాబు దాకా ఎక్కడం కాదు. 1992లో తొలిసారి వెలువడిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు బీఎస్ 775 సరౌండ్ స్పీకర్లను 1.2 మీటర్లు, అవసరమైతే అంతకు పైన పెట్టనిస్తుంది, వంపు 15 డిగ్రీల లోపు ఉండాలంటుంది. పైన చెప్పిన గదిలో ఆ 15 డిగ్రీలంటే చెవికి అడుగున్నర ఎత్తు. అక్కడ బిగించి, ఒక్కోదాని ముఖాన్ని సోఫా అవతలి చివరకు తిప్పితే, దగ్గర కూర్చున్నవారు సూటి ధ్వనినుంచి పక్కకు తప్పుకుంటారు, కనీసం సన్నని స్వరాలైనా వారి చెవిలో గుచ్చుకోవు.

అదే సిఫారసు ఎదురుగా ఉన్న తెరనుంచి సుమారు 110 డిగ్రీల దగ్గర ఈ స్పీకర్లుండాలంటుంది, అంటే పక్కగోడ మీద చెవికి రెండడుగులు వెనుక. సోఫా గోడకు అతుక్కుని ఉంటే ఆ చోటే దొరకదు. మూడడుగులు ముందుకు జరిపితే నడవడానికి దారి ఇరుకవుతుందని ఇంట్లో గొణుగుడు తప్పదు. జరపడం కుదరనప్పుడు సరిగ్గా పక్కన, 90 డిగ్రీల వద్ద పెట్టినా మూలకంటే నయమే. కొత్త ఇంట్లో పైపును స్లాబు దగ్గర ఆపకుండా మరో నాలుగైదు అడుగులు దించితే పని తీరుతుంది. ఇప్పటికే మూలల్లో పెట్టెలు బిగించుకున్నవారు వాటిని పగలగొట్టనక్కరలేదు: సోఫా ముందుకు జరిగాక అవి తల వెనుక సుమారు 43 డిగ్రీల ఎత్తున పడతాయి, రేపు ఆట్మాస్ తెచ్చుకుంటే వెనుక ఎత్తు స్పీకర్లకు ఆ తీగలే సరిపోతాయి.